రందికీ గుండెకీ ఏమిటి లంకె?

మా షాద్‌నగర్ వైపు ఎవరికైనా గుండెపోటు వచ్చిందంటే చాలు, పరామర్శకు వచ్చినవాళ్ల నోట మొదట వినిపించే మాట ఒకటే... ‘ఏం రంది పెట్టుకున్నడో ఏమో!’ రంది అంటే దిగులు, బెంగ, ఈ కాలపు టెన్షన్ అన్నీ కలిసిన మాట. బీపీ ఎంత, షుగర్ ఎంత, రోజుకెన్ని సిగరెట్లు అనే ప్రశ్నలు ఆ తర్వాతెప్పుడో వస్తాయి. ఒక్కోసారి రానే రావు.

మనిషి స్వభావాన్ని చూసి గుండెకు జాతకం చెప్పడమూ మనకు అలవాటే. మా ఇంట్లోనే చూడండి. పెద్దనాయనకు ముక్కుమీద కోపం. మార్కెట్ యార్డులో తూకం దగ్గర ఆయన గొంతు లేస్తే రోడ్డు మీదికి వినిపించేది. ‘ఎప్పుడో ఒకరోజు వీడి గుండె ఆగుతది’ అని నానమ్మ భయం. చిన్నాయన అందుకు పూర్తిగా వ్యతిరేకం. గట్టిగా మాట్లాడి ఎరగడు. కొత్తూరు దగ్గర ఓ ఫ్యాక్టరీలో పని. తీరా యాభై రెండేళ్లకే గుండెపోటు వచ్చింది చిన్నాయనకే! ‘అంత నెమ్మదస్తునికి ఇదేంది?’ అని వాడంతా నోరెళ్లబెట్టింది.

ఈ చిక్కుముడి డాక్టర్లకూ ఎదురైందే. 1950ల్లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మేయర్ ఫ్రీడ్‌మన్, రే రోజెన్‌మన్ అనే ఇద్దరు గుండె వైద్యులు మనుషుల్ని రెండు రకాలుగా విడదీశారు. ఎప్పుడూ గడియారంతో పందెం వేసుకుని పరుగెత్తేవాళ్లు, పోటీతో చిరాకుతో రగిలిపోయేవాళ్లు ‘టైప్-ఎ’. నిదానస్తులు ‘టైప్-బి’. మూడు వేలకు పైగా మగవాళ్లను ఎనిమిదిన్నరేళ్లు గమనిస్తే, టైప్-ఎ వాళ్లలో గుండెజబ్బు దాదాపు రెట్టింపు కనిపించింది. ఇంకేం, ప్రపంచమంతా నమ్మేసింది!

కానీ అదే మనుషుల్ని 22 ఏళ్ల దాకా గమనించాక, గుండెజబ్బు మరణాల్లో ఆ తేడా కనబడలేదు. పైగా ఒకసారి గుండెజబ్బు బారిన పడ్డాక టైప్-ఎ వాళ్లే మెరుగ్గా బతికారని 1988లో తేలింది. ఇలాంటి పరిశోధనలకు సిగరెట్ కంపెనీలు ఏళ్ల తరబడి డబ్బు పోశాయన్న సంగతీ తర్వాత బయటపడింది. నేరం స్వభావం మీదికి పోతే సిగరెట్టు తప్పించుకుంటుంది కదా!

అలాగని మనసుకూ గుండెకూ సంబంధమే లేదనుకోకండి. విపరీతంగా కోపం వచ్చిన రెండు గంటల్లో గుండెపోటు ముప్పు రెట్టింపు దాటుతుందని 1995లో ఓ అమెరికా అధ్యయనం చెప్పింది. కోపంలో అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది, బీపీ లేస్తుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. రక్తనాళంలో అప్పటికే కొవ్వు పేరుకుని ఉంటే అది పగలడానికి ఆ కాస్త చాలు. పెద్దనాయన కేకలు కూడా ఉత్త పుణ్యానికి పోవన్నమాట.

దుఃఖమూ అంతే. 2009 సెప్టెంబరులో ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయినప్పుడు, ఆ వార్త విని గుండె ఆగినవాళ్ల గురించి పేపర్లలో వరసగా చదివాం. ఒక్కో మరణానికి అసలు కారణం ఏమిటో వైద్యులే చెప్పాలి. కానీ పిడుగులాంటి వార్తకు గుండె కండరం ఉన్నట్టుండి బలహీనపడటం మాత్రం నిజమే. 1990లో జపాన్ వైద్యులు దానికి ‘టకోట్సుబో’ అని పేరు పెట్టారు. అక్కడ ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరది. ఆ జబ్బులో గుండె ఆ ఆకారంలోకి ఉబ్బుతుంది.

మరి కోపమూ లేక, పిడుగులాంటి వార్తా వినని చిన్నాయన సంగతి? దానికి జవాబు లండన్ ప్రభుత్వ ఆఫీసుల్లో దొరికింది. 1967లో అక్కడ మొదలైన అధ్యయనంలో, గుండెజబ్బుతో ఎక్కువగా పోయింది పెద్ద కుర్చీల్లోని అధికారులు కాదు, కింది స్థాయి ఉద్యోగులు! పొగతాగడంలాంటి అలవాట్లను లెక్కలోంచి తీసేసినా తేడా పూర్తిగా పోలేదు. తన పని మీద తనకు అదుపు లేకపోవడమూ ఒక కారణమని తర్వాతి అధ్యయనం చెప్పింది. చిన్నాయనకు రేపు ఏ షిఫ్టో సూపర్‌వైజర్ చెప్పేదాకా తెలిసేది కాదు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక ఇటువైపు భూముల రేట్లు ఆకాశాన్నంటాయి. తాత పొలం పంపకాల పంచాయితీ కూడా ఆయన నెత్తినే పడింది. బయటికి నెమ్మది, లోపల రంది.

అయితే ఆ రంది ఒక్కటే చేసిన పని కాదిది. బీపీ మాత్రలు ఆర్నెల్ల ముందే మానేశాడు, నైట్ షిఫ్టులో సిగరెట్లు మానలేదు. కేరళలో పుట్టిన డాక్టర్ సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో జరిగి, 2004లో వెలువడిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం ఇదే చెప్పింది. గుండెపోటు ముప్పులో 90 శాతానికి తొమ్మిది కారణాలు. మానసిక ఒత్తిడి అందులో ఒకటి మాత్రమే. మిగతావి పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, బొజ్జ, పళ్లూ కూరగాయలూ తినకపోవడం, ఒళ్లు వంచకపోవడం, మద్యం. మన దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు మిగతావాళ్లకంటే దాదాపు ఆరేళ్లు ముందే వస్తోందనీ అదే అధ్యయనంలో తేలింది. పట్నం జబ్బనీ అనుకోవద్దు. 2003-04లో గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో లెక్క తీస్తే మూడో వంతు దాకా మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే.

చిన్నాయన స్టెంట్ వేయించుకుని కోలుకున్నాడు. షిఫ్టు ఇప్పటికీ ఆయన చేతిలో లేదు. కానీ మాత్ర ఆయన చేతిలో ఉంది, సిగరెట్టూ ఆయన చేతిలోదే. అది మానేశాడు. పొలం పంచాయితీ పెద్దనాయనకు అప్పజెప్పాడు, అరుపులు ఆయనకు బాగా వచ్చు కాబట్టి!

మీ ఇంట్లో కూడా ‘టెన్షన్ వల్లే’ అనే మాట వినబడితే అక్కడితో ఆగకండి. బీపీ చూపించండి, షుగర్ చూపించండి. నెమ్మదస్తుడే కదా అని ఎవర్నీ వదిలేయకండి. ఛాతీలో బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు... ఇవి కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏం రంది పెట్టుకున్నాడో తీరిగ్గా తర్వాత అడగొచ్చు.