నిజాం రౌతు చెప్పని పాఠం

సికింద్రాబాద్‌లో ఓ కోట ఉంది. గోల్కొండలా పర్యాటకులు టికెట్ కొనుక్కుని వెళ్లే కోట కాదు. తిరుమలగిరి వైపు, సైన్యం హద్దుల్లో, చెట్ల మధ్య దాగున్న కోట. గుండ్రటి బురుజులు, పళ్లవరసలా కోసిన గోడ అంచులు... ఇంగ్లండు రాజకుటుంబపు విండ్సర్ క్యాజిల్‌ని తలపిస్తుందని పాతకాలం వాళ్లు దాన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. అలాగని అందులో రాజులూ రాణులూ ఎప్పుడూ లేరు. 1858లో తెల్లసిపాయిల్లో తప్పు చేసినవాళ్లని పెట్టడానికి కట్టిన మిలిటరీ జైలది!

కోట వేషం వేసుకున్న జైలు సంగతి అలా ఉంచితే, ఈ ఊళ్లో ఐరోపా కత్తికి సంబంధించిన అసలు కథ ఒకటుంది. అది తెలియాలంటే ముందు ఓ సరదా గురించి చెప్పుకోవాలి.

ఐరోపా, అమెరికాల్లో గత ముప్పై ఏళ్లుగా బాగా ప్రచారంలోకి వచ్చిన సరదా అది. పగలంతా కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు, స్కూలు టీచర్లు, డాక్టర్లు సాయంత్రం కాగానే ముఖానికి జాలీ తొడుగు, చేతులకి దళసరి గ్లోవ్స్, ఒంటికి మెత్తల కోటు వేసుకుని రెండు చేతుల పొడవాటి కత్తి పట్టుకుంటారు. ఆరేడు వందల ఏళ్ల క్రితం జర్మనీలో, ఇటలీలో యోధులు ఎలా పోరాడేవాళ్లో పాత పుస్తకాలు చూసి, ఒక్కో అడుగూ ఒక్కో వేటూ కూడబలుక్కుని నేర్చుకుంటారు. నాటకం కోసం కాదు, సినిమా కోసం అంతకన్నా కాదు. నిజంగా ఎలా చేసేవాళ్లో తెలుసుకోవాలన్న పట్టుదల, అంతే.

కాంతారావు కత్తి కాదు!

కత్తియుద్ధం అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్లకి గుర్తొచ్చేది కత్తి కాంతారావే. మెట్ల మీంచి దూకుతూ, టంగుటంగుమని కత్తికి కత్తి తగిలిస్తూ, ఒంటిచేత్తో పదిమందిని ఎదుర్కోవడం తెరమీద చూడ్డానికి భలేగా ఉంటుంది. కానీ పాత గ్రంథాల్లోని కత్తిసాము అలా ఉండదు. అందులో చప్పుడు తక్కువ, లెక్క ఎక్కువ. అవతలివాడి కత్తి మన కత్తికి తగిలినప్పుడు అతని చేతిలో బలముందా, సడలిందా అన్నది ఉక్కు ద్వారానే పసిగట్టాలంటారు జర్మన్ గురువులు. బలంగా నెడితే తప్పుకోవాలి. సడలితే తోసుకుపోవాలి. చీకట్లో తాడు లాగుతున్న మనిషిని తాడు పట్టుతోనే అంచనా కట్టినట్టన్నమాట.

మరో భ్రమ కత్తి బరువు. మధ్యయుగం నాటి కత్తి ఎత్తాలంటే పహిల్వానే కావాలనుకుంటాం. నిజానికి రెండుచేతుల పొడవాటి కత్తి బరువు చాలావరకు కిలోకీ కిలోన్నరకీ మధ్యే. మార్కెట్ నుంచి తెచ్చే కూరగాయల సంచీ దానికన్నా బరువుంటుంది.

ఆ పుస్తకాలూ చిత్రమైనవే. ఇప్పుడు దొరుకుతున్నవాటిలో అన్నిటికంటే పాతది 1300 ప్రాంతంలో జర్మనీలో రాసింది. బ్రిటన్‌లోని లీడ్స్‌లో, రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో భద్రంగా ఉంది. అందులో గురువు ఒక మతాచార్యుడు! శిష్యుడితో కత్తీ చిన్నడాలూ పట్టి పాఠం చెబుతుంటాడు. చివరి బొమ్మల్లో శిష్యుడి స్థానంలోకి వాల్పుర్గిస్ అనే స్త్రీ వస్తుంది. ఏడు వందల ఏళ్ల కిందటి పుస్తకంలో ఆడమనిషి చేతిలో కత్తి చూసి ఆశ్చర్యపోనివాళ్లుండరు.

1410 ప్రాంతంలో ఇటలీ గురువు ఫియోరే రాయించిన గ్రంథంలో ఓ మనిషి చుట్టూ నాలుగు జంతువులుంటాయి. దూరాన్ని కొలిచే చూపుకి అడవిపిల్లి, వేగానికి పులి, ధైర్యానికి సింహం. నాలుగోది ఏనుగు! వీపున బురుజు మోస్తూ నిలబడిన ఆ ఏనుగు, నేలమీద కాలు గట్టిగా ఆనించడానికి గుర్తు. ముందు నిలబడటం రావాలి, కత్తి తర్వాత. మన సాము గురువులు చెప్పేదీ అదేగా.

మధ్యలో కొన్ని వందల ఏళ్లు ఈ విద్యల్ని ఐరోపా వాళ్లూ మరిచిపోయారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మళ్లీ దుమ్ము దులిపినవాళ్లలో ముఖ్యుడు కెప్టెన్ ఆల్ఫ్రెడ్ హటన్. ఆయన తొలి అడుగు పడింది లండన్‌లో కాదు, మన దేశంలోనే. 79వ కామెరాన్ హైలాండర్స్ పటాలంతో భారత్‌లో ఉన్నప్పుడు, తోటివాళ్ల కోసం కత్తిసాము క్లబ్బు పెట్టాడు. దానికోసం 1862లో చిన్న పుస్తకం రాశాడు. ఇంగ్లండు వెళ్లాక 1889లో ‘కోల్డ్ స్టీల్’, 1892లో ‘ఓల్డ్ స్వోర్డ్ ప్లే’ రాశాడు. ఇవాళ్టి ఔత్సాహికులు ఆయన్ని తమ పెద్దల్లో ఒకరిగా లెక్కపెట్టుకుంటారు.

గోడమీద ఆరు గీతలు

సికింద్రాబాద్‌లో ఎవరికైనా ఈ సరదా పుడితే? అన్నిటికన్నా దగ్గరి దారి ఆటల పోటీల ఫెన్సింగ్. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఆడిన తొలి భారత ఫెన్సర్ భవానీదేవిది సేబర్ విభాగం. ఆ సేబర్ అసలు పుట్టుక గుర్రపు రౌతుల వంపుకత్తిలోనే ఉంది. అడుగు వెయ్యడం, దూరం తెలుసుకోవడం అక్కడ బాగా వస్తాయి. అక్కణ్నుంచి పాత గ్రంథాల్లోకి వెళ్లచ్చు. వాటి బొమ్మలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. మొదట్లో చెక్క కత్తో నైలాన్ కత్తో చాలు. అది ఉన్నా మాస్కు లేకుండా ఇద్దరు ఎదురుబదురుగా నిలబడకూడదు. పదునున్న కత్తితో వీధిలోకి వస్తే మాత్రం సరదా కాస్తా పోలీస్ స్టేషన్‌కి చేరుతుంది!

అయితే జర్మనీ దాకా, ఇటలీ దాకా పోనక్కర్లేదు. ఈ ఊరితో ముడిపడిన ఐరోపా కత్తి ఒకటి ఉంది.

1798లో నిజాం ఇంగ్లిషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. అప్పటిదాకా హైదరాబాద్‌లో పాగా వేసిన ఫ్రెంచి పటాలాల్ని ఆ ఏడాదే నిరాయుధుల్ని చేసి పంపేశారు. హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన ఇంగ్లిషు సైన్యం దిగింది. 1806లో ఆ దండుకి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అలా పుట్టింది సికింద్రాబాద్.

ఆ రోజుల్లో ఇంగ్లిషు తేలికపాటి అశ్వదళం నడుముకి వేలాడేది 1796 నమూనా సేబర్. దాని రూపకర్త జాన్ గాస్పార్డ్ ల మర్షాంత్ అనే అధికారి. ఐరోపా యుద్ధంలో ఓ ఆస్ట్రియా అధికారి ఆయనతో, మీవాళ్లు కత్తి తిప్పుతుంటే కట్టెలు కొట్టినట్టుందని అన్నాడట. ఆ మాట బాగా గుచ్చుకుంది. కొత్త కత్తి గీశాడు. సుమారు 33 అంగుళాల వంపు అలుగు, కొనదగ్గర వెడల్పు, బరువు కిలో లోపే. కత్తి ఒక్కటీ చాలదని దాన్ని తిప్పే పద్ధతి మీద పుస్తకమూ రాశాడు. అందులో గోడమీద ఓ వలయం గీయమంటాడు. దానికి అడ్డంగా ఆరు వేట్ల గీతలు. రెండు ఏటవాలుగా కిందికి, రెండు ఏటవాలుగా పైకి, రెండు అడ్డంగా. రౌతు మొదట నేలమీద నిలబడి ఆ గీతల వెంటే కత్తి నడపాలి. అది కుదిరాకే గుర్రం. ఈ రోజుకీ సేబర్ నేర్చుకునే ఔత్సాహికులు చాలామంది ఆ గీతలతోనే మొదలుపెడతారు. డాబామీద సుద్దముక్కతో ఎవరైనా గీసుకోవచ్చు.

బొల్లారం రౌతులు

తిరుమలగిరి, లాల్‌బజార్ దాటి అల్వాల్ మీదుగా ఇంకా పైకి వెళితే బొల్లారం. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి, 1860లో కట్టిన నేటి రాష్ట్రపతి నిలయం ఉన్న ఊరు. ఒకప్పుడు నిజాం జీతంతో, ఇంగ్లిషు అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ సైన్యానికి ఇదే ముఖ్య స్థావరం. దాని గుర్రపుదళంలో చేరేవాడు సిలేదారు. అంటే గుర్రం తనదే, కత్తీ తనదే. తనది గనక దాన్ని చూసుకోవడంలో శ్రద్ధా తనదే.

1853లో కెప్టెన్ లూయీ నోలన్ అనే ఇంగ్లిషు అశ్వదళ అధికారి ఓ పుస్తకం అచ్చేశాడు. మద్రాసు రాజధానిలో కొన్నేళ్లు కొలువు చేసినవాడు. మరుసటేడు, 1854 అక్టోబరు 25న, క్రిమియాలో లైట్ బ్రిగేడ్ దాడికి దారితీసిన ఆదేశం మోసుకెళ్లి అక్కడే చనిపోయింది ఇతనే. నిజాం గుర్రపుదళానికీ తిరుగుబాటుదారులకీ జరిగిన ఓ పోరు గురించి ఆ పుస్తకంలో రాశాడు. గాయాల చిట్టా చూసి నోలన్ నిర్ఘాంతపోయాడు. ఒక్క వేటుకి భుజం దగ్గర తెగిన చెయ్యి, మోకాలి పైన తెగిన కాలు... ఇంగ్లిషు రౌతుల కత్తులకి అలాంటి కోత ఉండేది కాదు. మరి వీళ్లవి ఏ ఊరి కత్తులు?

విచారిస్తే తెలిసింది, అవి ఇంగ్లిషువాళ్లు పనికిరావని పారేసిన పాత అలుగులని! 1796 నమూనావేనని ఎక్కువమంది అభిప్రాయం. కాకపోతే నిజాం రౌతులు వాటికి తమ పద్ధతిలో పిడి వేసుకున్నారు. గుండ్రంగా కాకుండా కాస్త చదునుగా, పిడికిట్లో ఇమిడేలా. అందువల్ల వాదర ఎప్పుడూ వేటు దిశలోనే ఉంటుంది, పక్కకి తిరగదు. మొదలు నుంచి కొనదాకా మంగలికత్తిలా నూరుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యం, చెక్క ఒర. ఇంగ్లిషువాళ్లది ఇనుప ఒర. తీసినప్పుడల్లా, గుర్రం కుదిపినప్పుడల్లా ఇనుముకి రాసుకుని పదును పోతుంది. కవాతులో గణగణమని మోగుతూ అందంగా ఉంటుంది కానీ యుద్ధంలో కత్తి కాస్తా ఇనుప బద్ద. నిజాం రౌతులు పోరుకి తప్ప కత్తి ఒరలోంచి తియ్యరు. కవాతు సోకులు వాళ్లకి లేవు.

ఓ ముసలి రౌతుని నోలన్ అడిగాడు, ఇలా తెగేట్టు ఎలా కొడతారని. గట్టిగా కొడతామన్నాడు రౌతు. అది సరే, ఎలా నేర్పుతారని మళ్లీ అడిగాడు. నేర్పడమంటూ ఏమీ లేదు దొరా, పదునున్న కత్తి ఎవరి చేతిలోనైనా తెగుతుందన్నాడు.

నోలన్ ఆ జవాబుతో తృప్తిపడ్డాడు. తన వాదానికి అది చాలు. కానీ ఆ ముసలాయన మాట పూర్తిగా నమ్మబుద్ధి కాదు. పుట్టింది మొదలు గుర్రాల మధ్య పెరిగినవాడికి నేర్చుకున్నది నేర్చుకున్నట్టు తెలియకపోవచ్చు. అమ్మని ఆవకాయ కొలతలు అడిగితే ‘కొలతలేముంటాయి, చెయ్యి చెబుతుంది’ అనదూ! లేదా తెల్లదొరకి చెప్పేదేముందిలే అనుకున్నాడో.

ఆ పదును ఇంగ్లిషువాళ్లకీ తెలిసొచ్చిన రోజు ఒకటుంది. 1855 సెప్టెంబరులో మొహర్రం ఊరేగింపుల మీద పెట్టిన ఆంక్షలకి ఆగ్రహించిన మూడో అశ్వదళం రౌతులు బొల్లారంలోనే తమ బ్రిగేడియర్ కోలిన్ మెకంజీ మీద విరుచుకుపడ్డారు. ఆయన తీవ్ర గాయాలతో బతికి బయటపడ్డాడు.

అలుగు వాళ్లది, పిడి మనది

పరాయి అలుగుకి సొంత పిడి వెయ్యడం దక్కన్‌కి కొత్తేం కాదు. పోర్చుగీసువాళ్ల రోజుల నుంచే ఐరోపా తిన్నటి అలుగులు పడమటి రేవుల్లో దిగేవి. మరాఠాలు, దక్కన్ సుల్తానుల యోధులు వాటికి మన పిడి బిగించి ‘ఫిరంగి’ అన్నారు. ఫిరంగీలు తెచ్చిన కత్తి కదా! అదే మాట తెలుగులోకి వచ్చేసరికి తోపు అయి కూర్చుంది.

ఉక్కు అటునుంచే రాలేదు, ఇటునుంచీ వెళ్లింది. నిజామాబాద్ వైపున్న కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లని 1820ల్లో ఆ ఊరు చూసిన సర్వే అధికారి హెన్రీ వాయిసీ రాశాడు. కత్తి మీద గ్రంథం రాసిన రిచర్డ్ బర్టన్ 1876లో హైదరాబాద్ వచ్చాడు కానీ, ఆయన వెతికింది ఉక్కుని కాదు, గోల్కొండ వజ్రాల్ని.

సికింద్రాబాద్‌కి వచ్చిన కత్తివీరుల్లో మరొకాయనా ఉన్నాడు. 1896 నవంబరులో బెంగళూరు నుంచి పోలో ఆడటానికొచ్చిన 4వ హుస్సార్స్ కుర్ర అధికారి విన్‌స్టన్ చర్చిల్. 1892లో ఇంగ్లండు పబ్లిక్ స్కూళ్ల ఫెన్సింగ్ ఛాంపియన్. బొంబాయి రేవులో దిగుతూ భుజం బెణికించుకున్నాడు. ఆ భుజంతోనే ఇక్కడ గోల్కొండ కప్పు గెలిచిన జట్టులో ఆడాడు. కానీ 1898లో సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్‌లో గుర్రపు దాడికి దిగినప్పుడు ఆ చెయ్యి కత్తికి పనికిరాక, పిస్తోలు తీశాడు.

కత్తుల కాలమూ అప్పటికే అయిపోవచ్చింది. 1903లో కంటింజెంట్‌ని భారత సైన్యంలో కలిపేశారు. దాని దళాల్లో ఒకటి 20వ దక్కన్ హార్స్ అయింది. 1916 జులై 14న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో, హైవుడ్ దగ్గర, మెషిన్‌గన్ల ఎదుట ఈటెలూ కత్తులూ పట్టుకుని దాడి చేసినవాళ్లలో ఆ రౌతులున్నారు.

ఇప్పుడు వాళ్ల విద్య తెలుసుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి? సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల వెనక కత్తులున్నాయి. పిడి ఎలా ఉందో, వంపు ఎంతో చూడచ్చు. ఆ చెయ్యి ఎలా కదిలిందో అద్దం చెప్పదు. పాతబస్తీ తాలీంలలో కుస్తీ మిగిలింది. తెలుగు జిల్లాల్లో కర్రసాము, కత్తిసాము నేర్పే గురువులు ఇంకా కొందరున్నారు. వాళ్ల పాఠం పుస్తకంలో లేదు, వాళ్ల మోకాళ్లలో, మణికట్టులో ఉంది. గురువుకి వయసు మీదపడితే పాఠానికీ మీదపడుతుంది.

ఆరు వందల ఏళ్ల కిందటి ఇటలీ గురువు తన అడుగుల్ని బొమ్మలు వేయించి పెట్టాడు కాబట్టి ఇవాళ సికింద్రాబాద్ డాబామీద ఓ కుర్రాడు వాటిని మళ్లీ వెయ్యగలడు. గోడమీద ల మర్షాంత్ ఆరు గీతలూ గియ్యగలడు. అదే కత్తితో, అంతకన్నా బాగా, ఈ దక్కన్ నేలమీదే కొట్టిన రౌతు ఎలా కొట్టాడో తెలుసుకోవాలంటే మాత్రం ఉన్నదల్లా నోలన్ పుస్తకంలోని ఓ పేజీ. అందులో ఒర గురించి ఉంది, పిడి గురించి ఉంది, నడుముకి కట్టుకునే పట్టా గురించీ ఉంది. ఆ ముసలి రౌతు పేరు లేదు.