అద్దెకున్నవాళ్ల ఊరు

జగ్గయ్యపేటలో వాటా ఖాళీ ఉందని తెలిసి వెళ్తే ఓనరు ముందుగా అడిగేది ఇంట్లో ఎంతమంది అని. తర్వాత ఏం పని చేస్తారని. ఆ తర్వాత గొంతు తగ్గించి కులం. అన్నీ కుదిరాక అద్దె చెబుతారు. పోయినసారి ఖాళీ చేసినవాళ్లు ఇచ్చినదానికి అది ఎప్పుడూ ఎక్కువే.

ఇక్కడ పాత వీధుల్లో ఒక్కో పెంకుటింట్లో మూడు నాలుగు వాటాలుండేవి. కొట్టు గుమస్తా, కుట్టుమిషనుతో బతికే ఆవిడ, కొత్తగా వచ్చిన టీచరు ఒకే పంపు దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లు. ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు లేపితే ఫ్లాట్లు కొనేవాళ్లవవుతాయి. వాటాల్లో ఉన్నవాళ్లు ఊరి చివర రేకుల గదులకు పోతారు. నందిగామ కథా ఇంతే. 2014లో రాజధాని మాట వచ్చాక హైవే పక్కన పొలాలు ప్లాట్లయ్యాయి. వాటిలో సరిహద్దు రాళ్లు పాతినంత చురుగ్గా అద్దెకిచ్చే గదులు లేవలేదు.

అద్దె ఒక్కటే కాదు, కరెంటు సంగతీ చూడాలి. నాలుగు వాటాలకూ కలిపి ఒకటే మీటరు, లోపల సబ్‌మీటర్లు. ఒక్కో వాటా నెలకు 75 యూనిట్లు కాల్చిందనుకుందాం. 2022 నాటి శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లు రూపాయి 90 పైసల చొప్పున, మిగిలిన 45 మూడేసి రూపాయల చొప్పున, మొత్తం 192 రూపాయలు. నాలుగూ కలిసి 300 యూనిట్లయ్యేసరికి పై శ్లాబుకు ఎక్కి, చివరి 75 యూనిట్లకు 8.75 చొప్పున పడుతుంది. పంచుకుంటే వాటాకు దాదాపు 418. ఇందులో ఓనరు మోసం ఏమీ లేకపోవచ్చు. ఉన్నా లేకున్నా రెట్టింపుకు పైగా కట్టేది అద్దెకున్న మనిషే. వాటాకో మీటరు ఇప్పిస్తే తీరే బాధ ఇది.

సొంతింటి పథకాలను నేను కాదనను. 2020లో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర పట్టాలిచ్చారు. ప్రభుత్వ సంస్థ టిడ్కో కింద 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు తలపెట్టారు. కానీ రాష్ట్రంలో ఎంతోమంది టిడ్కో లబ్ధిదారులు తాళం చేతికి రాకముందే బ్యాంకు వాయిదా, ఉన్నచోట అద్దె రెండూ కట్టారు. పైగా ఊళ్లో నాలుగిళ్లలో వంట చేసే మనిషికి ఊరవతల సెంటు స్థలం ఏ పొద్దుకు అక్కరకొస్తుంది? ఆమెకు కావలసింది పనికి నడిచి వెళ్లగలిగే దూరంలో గాలీ వెలుతురూ ఉన్న రెండు గదులు, పిల్లల చదువు మధ్యలో ఖాళీ చెయ్యమనరన్న భరోసా. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లదీ ఇదే అవసరం.

అద్దె ఇల్లు ప్రభుత్వం పని కాదన్న మాట నిలవదు. కరోనాలో వలస కూలీలు నడిచి ఊళ్లకు పోయాకే, 2020లో కేంద్రం అందుబాటు అద్దె ఇళ్ల పథకం ప్రకటించింది. 2021 నమూనా అద్దె చట్టం ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదంది. దాన్ని అద్దెకొచ్చినవాళ్లకు చెప్పేదెవరు?

మన మునిసిపాలిటీలు బస్టాండు దగ్గరా మార్కెట్టు దగ్గరా షాపులు కట్టి అద్దెకిస్తూనే ఉన్నాయి. స్థలం వాళ్లదే, అద్దె వసూలు చేసే సిబ్బందీ వాళ్లే. ఇకమీదట కట్టే ప్రతి కాంప్లెక్సు మీదా రెండంతస్తుల ఇళ్లు వేసి, ఆదాయాన్ని బట్టి అద్దె నిర్ణయించి, వాటాకో మీటరు పెట్టి ఇవ్వమని జగ్గయ్యపేట, నందిగామ కౌన్సిళ్లను అడుగుతున్నాను.