ఎంజైముకంటే ముందు పొర

గ్లూకోజ్ సెన్సర్ పనిలో కొత్తగా చేరినవాళ్ళు ముందు ఎంజైము గురించే అడుగుతారు. ఏ కంపెనీది, ఎన్ని యూనిట్లు అని. నన్నడిగితే ముందు పొరల సంగతి తేల్చుకోండి.

ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో గది తీసుకుని ఏళ్ళ తరబడి ఈ పని చేశాను. మా వీధుల నిండా సివిల్స్ కోచింగ్ పిల్లలే గానీ, దగ్గర్లోనే పూసాలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఉంది. కండక్టింగ్ పాలిమర్లతో బి.డి. మల్హోత్రా బృందం బయోసెన్సర్లు చేసింది అక్కడే. 1962లో క్లార్క్, లయన్స్ ఎంజైము ఎలక్ట్రోడు ఆలోచన చెప్పిన నాటి నుంచీ పొర లేకుండా ఈ విద్య లేదు.

కింది నుంచి పైకి పొరలు ఇవీ: ప్లాటినం మీద సెల్యులోజ్ అసిటేట్. దానిపైన బి.ఎస్.ఎ. ప్రొటీన్‌తో కలిపి గ్లూటరాల్డిహైడ్‌తో బిగించిన గ్లూకోజ్ ఆక్సిడేజ్. అన్నిటికీ పైన పాలీయురేథేన్. ఎంజైము నుంచి పుట్టిన పెరాక్సైడ్‌ను ప్లాటినం 0.6, 0.7 వోల్టుల దగ్గర కరెంటుగా చదువుతుంది. చిక్కేమిటంటే విటమిన్ సి, యూరిక్ ఆమ్లం, పారాసిటమాల్ కూడా అక్కడే కరెంటిస్తాయి. నాఫియాన్ ఒక్కటి పూసి ధీమాగా ఉండకండి. దాని రుణావేశం మొదటి రెండింటినీ నెట్టేస్తుంది గానీ, ఆవేశం లేని పారాసిటమాల్‌ను ఆపలేదు. జ్వరం మాత్ర వేసుకున్న మనిషికి షుగరు పెంచి చూపించిన సెన్సర్లను నేను చూశాను.

అందుకే లోపలి పొర పోయడంలోనే అసలు పనితనం ఉంది. జులైలో ఢిల్లీ గాలి చెమ్మగా ఉంటుంది. సెల్యులోజ్ అసిటేట్‌ను కరిగించిన అసిటోన్ ఎగిరిపోతూ పొరను చల్లబరుస్తుంది, చెమ్మ దానిమీద దిగుతుంది, పొర పాలలా తెల్లబడుతుంది. అలాంటి పొరకు చిల్లులుంటాయి. సిలికా జెల్ పరిచిన డబ్బాలో, మూత పెట్టి, నెమ్మదిగా ఆరనివ్వాలని నేర్పింది మా గుంటూరు సీనియర్ అక్క. "తెల్లగా కనిపిస్తే పారెయ్యి తమ్ముడూ, మొహమాటపడకు" అనేది. అద్దంలా ఆరిన మొదటి పొరను లైటు కింద తిప్పి తిప్పి చూశాం ఇద్దరం.

పైపొర పని గ్లూకోజ్‌కు అడ్డుపడటం. ఎందుకంటే ఎంజైముకు గ్లూకోజ్‌తో పాటు ఆక్సిజన్ కూడా కావాలి. రక్తంలో షుగరు 100 ఉంటే అది సుమారు 5.5 మిల్లీమోలార్. గాలి తగిలే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ 0.25 మాత్రమే. గ్లూకోజ్‌ను వెనక్కి పట్టి ఆక్సిజన్‌ను పోనివ్వకపోతే షుగరు పెరిగినా కరెంటు పెరగదు. పైపొర వేయగానే సిగ్నల్ పడిపోయిందని కంగారుపడి పీకేయకండి. గ్లూకోజ్ పెంచుతూ గీసిన కరెంటు గీత ఎంతదాకా తిన్నగా వెళ్తోందో చూడండి.

ఇంకొక్క మాట. ఎంజైము ఖరీదైనది. లోపలి పొర ఒక్కటే వేసిన ఎలక్ట్రోడును ముందు పెరాక్సైడ్‌లో, తర్వాత విటమిన్ సి, పారాసిటమాల్‌లలో ముంచండి. మొదటిదానికి కరెంటు బాగా వచ్చి, మిగతావాటికి దాదాపు రాకపోతేనే ఎంజైము సీసా మూత తీయండి.