కహా సునా మాఫ్



2024 ఎండాకాలం మా ఇంట్లో ఎలా గడిచిందో చెప్పాలంటే వంటింటి నుంచే మొదలుపెట్టాలి. ఆ మూడు నెలలు నేను ఎక్కువగా ఉన్నది అక్కడే.

ఏప్రిల్ 11న ఈద్. షీర్ ఖుర్మా గిన్నెలు తోమి అటక మీద పెట్టకముందే పిల్లలకు సెలవులు వచ్చేశాయి. మా ఇద్దరు, మా ఆడబిడ్డ పిల్లలు ముగ్గురు. కర్నూలు ఎండ సంగతి మీకు తెలిసిందే. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే అయిదుగురూ తడి చాప మీద పడుకుని, ఎవరి కాలు ఎవరి మీద పడిందో పంచాయితీ పెట్టేవాళ్ళు. పదో తరగతి పాసైన మా పెద్దమ్మాయి మాత్రం నా వెనకే తిరిగేది. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతానంటుంది. "ముందు నానీ, నానాల హజ్ పని కానీ. తర్వాత చూద్దాంలే" అనేదాన్ని.

అవును, ఆ ఏడాది అమ్మీ, అబ్బాల పేర్లు హజ్ ఖురాలో వచ్చాయి. మే 13న నంద్యాలలో ఓటు వేసి, వేలి మీద సిరాతోనే ఇద్దరూ మా ఇంటికి వచ్చేశారు. ఆ సిరా ఉంటే వుజూ అవుతుందా అని పక్కింటి ఖాలాకు అనుమానం. "అది రంగే కానీ పొర కాదమ్మా, నీళ్ళు తగులుతాయి" అని అబ్బా వచ్చినవాళ్ళందరికీ చెప్పాల్సి వచ్చింది.

హజ్‌కు వెళ్ళేవాళ్ళు ఇంట్లో ఉంటే మెహమాన్లకు కొదవా! పొద్దున ఒక జట్టు, అసర్ తర్వాత ఇంకో జట్టు. రూహ్ అఫ్జా సీసాలు ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్క లేదు. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక చీటీ ఇచ్చేవాళ్ళు. అబ్బాయికి ఉద్యోగం రావాలని, కోడలికి ఔలాద్ కలగాలని, మోకాళ్ళ నొప్పి తగ్గాలని, అక్కడ దువా చేయమని. చీటీలన్నీ తెలుగులో. అమ్మీ చదివేది ఉర్దూ ఒక్కటే. అందుకని రాత్రిపూట కూర్చుని వాటన్నిటినీ నేను ఒక నోటుబుక్కులో ఉర్దూలో ఎత్తి రాసేదాన్ని.

మధ్యలో ఆచార్ ఒకటి. "నేను తిరిగొచ్చేసరికి పుల్ల కాయ యాడ దొరుకుతుంది?" అని అమ్మీ పట్టుబట్టింది. యాభై కాయలు తుడిచి, కొట్టించి, జాడీకి ఎత్తేసరికి రెండు రోజులు. ఆమె కట్టుకెళ్ళే మసాలా పొడి కూడా రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది. మొదటిసారి అలవాటుగా గసగసాలు వేసేశాను. సౌదీలో గసగసాలు నిషేధం, తీసుకెళ్తే చిక్కుల్లో పడతారని ట్రైనింగ్ క్యాంపులో చెప్పి పంపారు. ఆ పొడి మా వంటకు ఉంచుకుని మళ్ళీ కొట్టాను.

ఇంత హడావుడిలోనూ అమ్మీ తన పని తాను చేసుకుపోతూనే ఉంది. హజ్‌కు వెళ్ళేముందు అందరి దగ్గరా మాఫీ అడగడం మనలో ఉన్నదే కదా. "కహా సునా మాఫ్ కర్‌నా" అని చాలామంది గుమ్మం దగ్గర అనేసి వెళ్ళిపోతారు. అమ్మీ అలా కాదు. గిన్నెలు తోమే అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, "ఎప్పుడన్నా నీ మనసు కష్టపెట్టి ఉంటే చెప్పమ్మా" అని అడిగింది. ఆ అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఒకసారి ఉంగరం కనబడకపోతే నన్ను అడిగినావమ్మా" అంది. అమ్మీ ఆమె చేతులు పట్టుకుంది. గోడ తగాదా వచ్చి తొమ్మిదేళ్ళుగా మాటల్లేని మా చిన్న ఖాలా ఇంటికి ఆటోలో ఒక్కతే వెళ్ళొచ్చింది. అక్కడ ఏం జరిగిందో మాకు చెప్పలేదు. మర్నాడు ఖాలా ఇంటి నుంచి టిఫిన్ క్యారియర్‌లో ఖీర్ వచ్చింది.

ఒకరోజు జొహర్ తర్వాత నా వంతు వచ్చింది. ఆ పూట పద్నాలుగు మంది భోజనానికి ఉన్నారు. ఒక పొయ్యి మీద దాల్చా, ఇంకో పొయ్యి మీద బిర్యానీకి అన్నం ఉడుకుతోంది. అమ్మీ వచ్చి తలుపు పక్కన నిలబడింది.

"బేటా, నీకు ఆ రోజు డిగ్రీలో సీటొస్తే నేనే వద్దన్నాను. మీ అబ్బా సరేనన్నారు. హాస్టలని భయపడి నేనే ఆపాను. నన్ను మాఫ్ చేస్తావా?"

ఇరవై ఏళ్ళ కిందటి మాట. నా చేతిలో జల్లి గంటె ఉంది. అన్నం ఇంకొక నిమిషం ఉంటే మెత్తబడిపోతుంది.

"ఏం లేదులే అమ్మీ. ఇప్పుడవన్నీ ఎందుకు? పక్కకు జరుగు, గంజి మీద పడుతుంది" అన్నాను.

అమ్మీ పక్కకు జరిగింది. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

రాత్రి ఇషా అయ్యాక మాట్లాడదామనుకున్నాను. మిద్దె మీద పక్కలు వేస్తే ఆమె చుట్టూ అయిదుగురు పిల్లలు. మర్నాడు సూట్‌కేసులు, మందులు, అబ్బా ఇహ్రామ్ బట్టలు. నాంపల్లి హజ్ హౌస్ దగ్గర కూడా ఆ గుంపులో నేను చివరగా అన్న మాట, "బీపీ మాత్రలు హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి, మర్చిపోకు" అని. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి బస్సెక్కింది.

జూన్ 15న అరఫాత్. అక్కడి వాళ్ళకు మనకంటే రెండున్నర గంటలు ఆలస్యంగా పొద్దు గుంకుతుంది. ఆ రాత్రి ఫోన్ చేస్తే రింగ్ అయింది కానీ ఎత్తలేదు. 16న స్విచాఫ్. 17న మన దగ్గర బక్రీద్. ఖుర్బానీ గోష్త్ మూడు హిస్సాలు చేసి సంచుల్లో పెడుతున్నాను, కళ్ళు మాత్రం ఫోన్ మీదే. ఆ రోజే మక్కాలో 51.8 డిగ్రీల ఎండ. రోడ్ల పక్కన హాజీలు సొమ్మసిల్లి పడిపోయిన వీడియోలు వాట్సాప్ నిండా. ఆ హజ్‌లో 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వం తర్వాత ప్రకటించింది. అంకె అప్పటికి తెలియకపోయినా, ఆ రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. గంజి వారుస్తూ నేనన్న ఆ మాటే చెవిలో మోగుతుండేది.

18న రాత్రి ఫోన్ వచ్చింది. ముందు అబ్బా, "ఖైరియత్ హై బేటా" అన్నారు. అమ్మీకి కాళ్ళు వాచాయట, మీనాలో టెంట్ దాటలేకపోయిందట, ఫోన్లకు ఛార్జింగ్ లేదట. తర్వాత అమ్మీ వచ్చింది.

"అమ్మీ, ఆ రోజు వంటింట్లో నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు."

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "ఇంతకీ అన్నం వార్చేశావా?" అంది.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నా దిల్లో ఉండేది అమ్మీ. కాలేజీ బస్సు కనబడితే తల తిప్పుకునేదాన్ని. చాలా ఏళ్ళు ఉండేది. మాఫ్ చేశాను. నిజంగా."

"నువ్వు ఏం లేదులే అన్నావు చూడు, ఉందని నాకు అప్పుడే తెలిసింది" అంది అమ్మీ.

ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. "ఏం లేదులే" అంటే మాఫీ ఇచ్చినట్టే అనుకునేదాన్ని. కాదు. అది తలుపు వేసేయడం. ఉందని ఒప్పుకుంటేనే కదా వదిలేయడానికి వీలయ్యేది! గిన్నెలు తోమే అక్కకు తెలిసిన ఆ సంగతి నాకు తెలియలేదు.

ఫోన్ పెట్టేసి చూస్తే మా పెద్దమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది, సరిగ్గా అమ్మీ నిలబడినట్టే. స్టవ్ మీద పాలు ఉన్నాయి. స్టవ్ ఆపేశాను.

"రా, కూర్చో. ఆ హాస్టల్ సంగతి చెప్పు" అన్నాను.

నాకూ భయమే. అమ్మీ భయం ఎలాంటిదో ఆ రాత్రి బాగా అర్థమైంది. అయినా పూర్తిగా విన్నాను. వాళ్ళ అబ్బాతో కలిసి వెళ్ళి రెండు కాలేజీలు చూసి వచ్చాం. అడ్మిషన్ అయింది, అల్‌హమ్దులిల్లాహ్.

జూలైలో హాజీలు తిరిగొచ్చారు. జమ్‌జమ్, ఖర్జూరాలు వీధంతా పంచాం. అమ్మీ మొదట అడిగింది మాత్రం ఆచార్ జాడీని. మూత తీసి, వేలితో నాకి చూసి, "ఉప్పు తక్కువేశావు" అంది.

"కహా సునా మాఫ్" అన్నాను.

"ఇది మాఫ్ చెయ్యను" అంది నవ్వుతూ.