కాయిల్ వేడెక్కింది, రవ్వ రాలేదు

మా తళవాయిపురం ఇంటి ముందు వేపచెట్టు కింద అంబాసిడర్ నిల్చున్న ఫోటో చూసి పిల్లలు మొన్న "ఆ బండి ఏమయింది?" అని అడిగారు. బండి సంగతి తర్వాత చెప్తాను. దాని మూలంగా నేను ఒక పెద్దమనిషి ముందు తల వంచుకున్న రోజు ఒకటుంది, అది ముందు చెప్పాలి.

దూరాన ఉన్న మన పిల్లల కోసం ఒక మాట. తళవాయిపురం రాజపాళయం పక్కన, పడమటి కనుమల కింద ఉండే ఊరు. తళవాయి అంటే మన దళవాయే, సేనాధిపతి. ఇప్పుడు ఊళ్లో ఎటు పోయినా నైటీలు కుట్టే మిషన్ల చప్పుడే. వీధిలో తమిళం, గడప లోపల తెలుగు.

ఆ ఏడు నాయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. మదురైలో ఆపరేషన్‌కు రోజు కుదిరింది. "మన బండిలోనే పోదాం రా" అన్నాడు. బండేమో హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు మరిగించేస్తోంది. ముప్పై ఏళ్లుగా మా బండి చూసే మేస్త్రి హెడ్ దించి, గాస్కెట్ మార్చి, వాల్వులు సరిచేసి, ఇంటిదాకా తోలి చూపించి పోయాడు.

ఆ రాత్రి నాకు బుద్ధి ఊరుకోలేదు. అన్నీ కొత్తవే ఉండాలని కాంటాక్ట్ పాయింట్లు, కండెన్సర్ కొనుక్కొచ్చి నేనే వేశాను. ఎవరికీ చెప్పలేదు.

పొద్దున తాళం తిప్పితే సెల్ఫ్ బాగానే తిరుగుతోంది గానీ ఇంజను అంటుకోవడం లేదు. ప్లగ్గు ఊడదీసి చూస్తే రవ్వ లేదు. నేను వెంటనే మేస్త్రికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అన్నాను. "నిన్న బాగానే ఉండె గదా తంబీ, వస్తా ఉండు" అని పెట్టేశాడు.

అరుగు మీద కూర్చున్న నాయన అంతా విన్నాడు. "బండి ఇంటికొచ్చినాక దాంట్లో ఎవరి చెయ్యి పడింది?" అన్నాడు. నేను పలకలేదు. "సరే, నాకు కళ్లు కనపడవు. నేను చెప్తా, నువ్వు చూసి ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు.

మొదట డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలోని లావు వైరు పీకి, పొడిగుడ్డతో పట్టుకుని, కొసను ఇంజనుకు గోరంత దూరంలో పెట్టమన్నాడు. అమ్మ తాళం తిప్పింది. రవ్వ లేదు. "అయితే ప్లగ్గులు, రోటర్ జోలికి పోవద్దు. తప్పు దానికి ముందే ఉంది. కాయిల్ ముట్టి చూడు" అన్నాడు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. నాయన "ఊఁ" అన్నాడు.

రెండు వైర్లు కట్టిన బల్బు తీసుకున్నాం. ఒక వైరు ఇంజను ఇనుముకు, రెండోది కాయిల్‌కు తాళం వైపున్న మొనకు పెడితే వెలిగింది. బ్యాటరీ, తాళం బాగున్నట్టే. డిస్ట్రిబ్యూటర్ వైపు మొనకు పెట్టి సెల్ఫ్ తిప్పితే బల్బు మినుకు మినుకుమనాలి. అస్సలు వెలగలేదు. "ఆ సన్నవైరు కాయిల్ దగ్గర విప్పి మళ్లీ పెట్టు." వెలిగింది! "కాయిల్ తప్పు కాదు. డిస్ట్రిబ్యూటర్ లోపల ఎక్కడో కరెంటు ఇనుముకు తగులుతోంది. తగిలే ఉంటే రవ్వ ఎట్లా వస్తుంది? పాయింట్లు విడిపోయి కరెంటు తెగినప్పుడే గదా వచ్చేది" అన్నాడు.

మూత తీసి చూశాను. పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటరు, సరిగ్గానే ఉంది. కానీ స్ప్రింగును, వైరు మొనను ఇనుము తగలకుండా కాపాడే చిన్న ఫైబర్ వాషర్‌ను నేను పైది కిందా కిందది పైనా పెట్టాను. పాయింట్లు తెరుచుకున్నా కరెంటు తెగడం లేదు. వరస మార్చి బిగిస్తే ఒక్క తిప్పుకే అంటుకుంది.

అప్పుడే మేస్త్రి టీవీఎస్ 50 మీద వచ్చాడు. షాపు మూసేసి వచ్చినట్టున్నాడు, చెమటలు కారుతున్నాయి. బండి చప్పుడు విని గేటు దగ్గరే నిలబడిపోయాడు. నాయన నావైపు తిరిగి, "నువ్వే చెప్పు" అన్నాడు.

తమిళంలో చెప్పాను. పాయింట్లు నేనే మార్చానని, తప్పు నాదేనని, అన్న మాటలకు క్షమించమని. ఆయన వాషర్ చూసి, మా ఇళ్లల్లో తిరిగి తిరిగి నేర్చుకున్న తెలుగులో, "పోనీలే తంబీ. మార్చినావని ఒక్క మాట ఫోన్లో చెప్పుంటే ఆడనే దారి చెప్పేవాణ్ణి గదా" అన్నాడు. ఆ మాట నన్ను తిట్టిన దానికన్నా గట్టిగా తగిలింది.

దారిలో ఆగుతుందేమోనని మదురైదాకా ఆయన కూడా వచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

ఆ బండిని తర్వాత అమ్మేశాం. అంబాసిడర్ తయారీ కూడా 2014లో ఆగిపోయింది. ఇప్పటి కార్లలో ఆ పాయింట్లు లేవు, సెన్సర్లు, కంప్యూటర్లు వచ్చాయి. అయినా రిపేరు తర్వాత బండి కదలకపోతే మొదట అడగాల్సింది నాయన అడిగిన ప్రశ్నే. కడపట ఎవరి చెయ్యి పడింది? అది మన చెయ్యే అయితే దాచకుండా చెప్పెయ్యాలి.

నాయన లేడు, మేస్త్రి కూడా పోయి కొన్నేళ్లయింది. ఆ రోజు తప్పెవరిదో మన ఇంట్లో అందరికీ తెలియాలని ఇది రాసి పెడుతున్నాను.