కరువును చూసిన కన్ను

ఆగస్టు దాటినా వేరుశనగ విత్తు పడని ఏడు అనంతపురంలో నాకు ఎడ్గార్ స్నో గుర్తొస్తాడు. 1936లో ఆ అమెరికన్ విలేకరి చైనా వాయవ్యాన, మనలాగే వానకు మొహం వాచిన బావోఆన్ చేరి మావో చెప్పింది రాసుకున్నాడు. 1937లో అది ‘రెడ్ స్టార్ ఓవర్ చైనా’ అయింది.

అందులో నన్ను పట్టేది మావో కాదు, స్నో 1929లో కళ్లారా చూసిన కరువు. జనం రాలిపోతుంటే అక్కడే గింజలు దాచుకున్న ఆసాములూ, వడ్డీవ్యాపారులూ ఉన్నారని గమనించాడు. లెక్క మబ్బును కాదు, గాదెను అడిగాడు. 1952లో మా సీమ గంజి కేంద్రాల ముందూ ఆ ప్రశ్నే ఉంది. ఆ ఏడే ఎన్నికల్లో కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి తన బావ నీలం సంజీవరెడ్డిని అనంతపురంలో ఓడించాడు.

1960లో స్నో మళ్లీ చైనా వెళ్లాడు. ఊళ్లకు ఊళ్లు ఆకలితో చస్తున్న కాలం. అయినా కరువు లేదనే రాశాడు. 1936లోనూ అతిథే, అప్పుడు అన్నం పెట్టింది తిరుగుబాటుదారులు, ఇప్పుడు సర్కారు.

మా చేలకూ కరువు బృందాలొస్తాయి. అధికారులు ఆపమన్నచోటే జీపు ఆగుతుంది. చేను ఎవరు చూపించారో చెప్పని నివేదికను, రాసినవాడు ఎంత మంచివాడైనా, నేను సగమే నమ్ముతాను.