సముద్రం లేని ఊరికి ఆ పేరెందుకు?

మదనపల్లె నుంచి బి.కొత్తకోట మీదుగా కర్ణాటక సరిహద్దు వైపు వెళ్తే పెద్దతిప్పసముద్రం వస్తుంది. అసలు సముద్రం ఇక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు. చుట్టూ గుట్టలు, మెట్టపొలాలు, వేరుశనగ. మరి ఈ పేరేంటి?

మా సీమలో 'సముద్రం' అంటే పెద్ద చెరువు. అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం అలాంటిదే. కన్నడంలోనూ అంతే, హొయసలుల రాజధాని దోరసముద్రం పేరు చెరువు నుంచే వచ్చింది. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లోని సాగరం కూడా ఈ కోవే. సంస్కృతంలో 'సం' అంటే కలిసి, 'ఉద' అంటే నీళ్లు (ఉదకం గుర్తుందిగా!). నీళ్లన్నీ ఒకచోట చేరితే సముద్రం. ఉప్పు ఉండాలన్న రూలేం లేదు.

ఇలాంటి తికమక మనకొక్కరికే కాదు. నార్వే, స్వీడన్ భాషలు రెండింట్లోనూ ఒకే మాట ఉంది. నార్వేలో దాన్ని సుమారుగా 'షో' అంటారు, స్వీడన్ వాళ్లు పలికే తీరు తెలుగులో రాయడం నా వల్ల కాదు. నార్వేలో ఎక్కువగా సముద్రానికి వాడతారు, స్వీడన్‌లో సరస్సుకి. అందుకే నార్వే వాళ్లు సరస్సుని 'ఇన్‌షో' అంటారు, అంటే లోపలి సముద్రం! స్వీడన్ వాళ్లు మాత్రం బాల్టిక్ సముద్రం పేరులో అదే మాట ఉంచుకున్నారు. ఇంకో తమాషా, వాళ్లు నీళ్లను 'వాటెన్' అంటారు. దానికీ మన ఉదకానికీ మూలం ఒకటే.

ఇక 'తిప్ప'. తెలుగులో దిబ్బ, కన్నడంలో 'తిప్పె' అంటే పెంటకుప్ప. తిప్పన్న, తిప్పేస్వామి అనే పేర్లూ ఉన్నాయి. నా ఓటు మనిషి పేరుకే. చెరువుకి రాజు పేరో, తవ్వించినవాళ్ల పేరో పెట్టడం అప్పట్లో మామూలే. చెరువు తవ్వడం చిన్న పని కూడా కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. అక్కడి చెరువుకి రోజూ వెయ్యిమంది కూలీలు, 100 బండ్లు రెండేళ్లు పనిచేశారట. దాని పేరు అనంతరాజసాగరం. మళ్లీ సముద్రమే!

2021 నవంబర్ వానలకి తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట లీకైతే కింది ఊళ్లు ఖాళీ చేయించారు. అందుకే ఎక్కడైనా ప్లాటు కొనేముందు ఊరి పేరు ఓసారి చదవండి. చెరువు పూడిపోయినా నీళ్లు ఎక్కడ నిలిచేవో పేరు చెబుతుంది.

ఇప్పుడు అందరూ పీటీఎం అనే అంటారు. మదనపల్లె రోడ్ రైల్వేస్టేషన్ ఉన్న చిన్నతిప్పసముద్రం సీటీఎం అయింది. పీ అంటే పెద్ద, టీ అంటే తిప్ప. సముద్రంలో మిగిలింది చివరి సున్నా ఒక్కటే.